గీతలు పడిన కాయలు

మా ఆయన ముప్పై ఏళ్లు సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేశారు. ప్రతి సీసానీ వెలుతురుకెత్తి చూడటం, సన్నటి గీత కనిపిస్తే పక్కన పడేయడం, అదే ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. గాజు గ్లాసుల దగ్గర్నుంచి నా కళ్లజోడు దాకా ఇంట్లో అన్నిటికీ తనిఖీయే. వీధిలో అందరూ ఆయన్ని గీతల మాస్టారు అంటారు. అదేదో బిరుదనుకుని ఆయన మురిసిపోతుంటారు. నేనెందుకు చెడగొట్టాలి?

నాకేమో డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో జలపెనో మిరప పండించాలని పట్టుదల. మొదటి ఏడాది ఎరువు మరీ ఎక్కువేశాను. ఆకులు విరగబడి వచ్చాయి, కాయ మాత్రం ఒక్కటీ లేదు. రెండో ఏడాది పూతంతా ఎండకి రాలిపోయింది. "ఆ పెయింటు డబ్బాలు తీసేసి హాయిగా బట్టలారేసుకోవే" అని మా అక్క నెత్తీనోరూ బాదుకుంది. మూడోసారి కూడా దండగైతే తీసేస్తానని మాటిచ్చాను. ఇచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

మూడో ఏడాది కాశాయి. బొటనవేలంత లావు, ముదురాకుపచ్చ, మొక్క మొక్కకీ కొమ్మలు వంగేటన్ని. మా వీధి చివర బేకరీ అతను పిజ్జాల మీదకి ఇవే కాయల ముక్కలు సీసాల్లో తెప్పిస్తాడు. నావి తీసుకుంటావా అని నేను అడగ్గానే, "ఆదివారం పొద్దున తీసుకురండక్కా. ఘాటుంటే వారం వారం మీ దగ్గరే తీసుకుంటా. లేకపోతే మాత్రం ఏమీ అనుకోవద్దు" అన్నాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

తప్పు మేమిద్దరం కలిసే చేశాం. శనివారం కాయలన్నీ కోసి, "మీ కంటికి తిరుగులేదు కదండీ, మీరే ఏరండి" అన్నది నేనే. ఆయన ఒక్కో కాయనీ రుమాలుతో తుడిచి వెలుతురుకెత్తారు. సగం కాయల తొక్క మీద గోధుమరంగులో సన్నటి చారలున్నాయి. "తెగులు" అని తేల్చేశారు. నున్నటివి బుట్టలోకి, గీతలవి బకెట్లోకి. బకెట్ నిండుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. కానీ ముప్పై ఏళ్ల అనుభవం ముందు నోరెలా మెదుపుతాను?

ఆదివారం బేకరీలో జనం కిటకిటలాడుతున్నారు. వరసలో మా అక్క కూడా ఉంది. బేకరీ అతను నా బుట్టలోంచి ఒక కాయ తీసి కొరికి నమిలాడు. ఇంకోటి కొరికాడు. "దోసకాయ తిన్నట్టుందక్కా" అన్నాడు మెల్లగా. ఎవరో కిసుక్కుమన్నారు. మా అక్క నా వైపు జాలిగా చూసింది. ఆ జాలికి నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి కూలబడ్డాను. "విత్తనం మంచిది కాదేమోలే" అన్నారు మా ఆయన. నాకు ఒళ్లు మండిపోయింది. తెగులైతే తెగులే అనుకుని బకెట్లోంచి ఓ గీతల కాయ తీసి కసుక్కున కొరికాను.

చుక్కలు కనిపించాయి. చెవులు భగ్గుమన్నాయి, కళ్లలోంచి ధారలు. ఏడుస్తూ నవ్వుతున్న నన్ను చూసి ఆయన హడలిపోయారు.

"ఏమైందే నీకు?"

"తినండి! ముందు తినండి మీరు!"

తిన్నారు. ఎక్కిళ్లు మొదలయ్యాయి.

"అవి తెగులు చారలు కావండీ. కాయ బాగా ముదిరి తొక్క సాగితే పడ్డ గీతలు. మనం లేతవి పట్టుకెళ్లి, ముదిరినవి పారేశాం!"

చెప్పులు కూడా వేసుకోకుండా బకెట్ పట్టుకుని పరుగెత్తాను. వెనకే ఆయన, ఎక్కిళ్లతో. బేకరీ అతను మొహమాటానికి ఒక కాయ కొరికాడు. నమలడం ఆగిపోయింది. గడగడా రెండు గ్లాసుల నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, "బకెట్ ఇక్కడ పెట్టేయండక్కా. వచ్చే వారం ఇంకో బకెట్" అన్నాడు. ఇంకా వరసలోనే ఉన్న మా అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని, ఏడుస్తూనే నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఎక్కడివండీ ఇవి?" అని వరసలో ఎవరో అడిగారు.

నేను నోరు తెరిచేలోపే, ముక్కు ఎర్రగా కందిపోయిన మా ఆయన వీధంతా వినపడేలా అరిచారు.

"మా ఆవిడ పండించింది! పనికిరావని పారేసింది నేను!"