కుడి పక్క కాజాలు

పట్టీలు మడవాలి, కాజాలు కుట్టాలి, జేబు పెట్టాలి, భుజాలు కలపాలి, కాలరు ఎక్కించాలి, చేతులు అతకాలి, బొత్తాలు, ఆపైన ఇస్త్రీ. ఎల్లుండి పొద్దున్నే ఆ చొక్కాను బట్టల ఫ్యాక్టరీ మాస్టరుకు చూపించాలి. నచ్చితే ఉద్యోగం. అక్క కుట్టుకొట్లో పని నేర్చుకున్న చిన్నదానికి బుద్ధెరిగాక తనకంటూ కావాలనిపించింది అదొక్కటే.

అయినా మధ్యాహ్నం దాటేసరికి కాజాల దగ్గరే ఉంది. ఎలా కుట్టాలో చూద్దామని ఫోన్ తెరిచింది. ఆ వీడియో వెనక ఎవరిదో కొత్తిల్లు, దాని వెనక గెంతే పిల్లి, గొలుసుకట్టుగా వచ్చిపడ్డాయి.

అక్క మిషను ఆపి చొక్కా ముందు ముక్కను చేతిలోకి తీసుకుంది.

"ఏమే, ఇది మగవాళ్ళ చొక్కానా, ఆడవాళ్ళదా?"

"మగవాళ్ళదే. వీడియోలో ఉన్నట్టే కుట్టాను కదక్కా!"

"మగవాళ్ళకి ఎడమ పక్క కదే ఉండేది. మరి కాజాలు కుడి పక్కకి ఎందుకొచ్చాయి?"

వీడియో మళ్ళీ పెట్టి చూశారు. అందులో గోడగడియారం మీది అంకెలు కూడా తిరగబడే ఉన్నాయి. ఎవరో అద్దంలో బొమ్మలా తీసి పెట్టేశారు. పిల్లి ధ్యాసలో చిన్నది కనిపెట్టలేదు. కోసిన కాజా మళ్ళీ అతకదు.

"ఫోన్ ఎక్కడైనా దాచెయ్యక్కా," అంది చిన్నది.

"దాస్తే కొట్టంతా గాలిస్తావు. సర్దుకోలేక నేను చావాలి." అక్క కత్తెర అందించింది. "కొలత పైకి చెప్పకుండా మనం గుడ్డ కోస్తామా? నువ్వు చెప్తావు, నేను తిరిగి చెప్తాను, అప్పుడే కోత. ఫోన్‌కీ అంతే. ఎల్లుండి చొక్కాకు ఏం కావాలో చెప్పి తెరువు."

మిగిలిన గుడ్డంతా కొత్త ముక్కకే సరిపోయింది. జేబుకు లేదు.

"కాలరు మొన తిప్పడం చూడాలి."

"కాలరు మొన," అంది అక్క. చిన్నది చూసి మూసేసింది. కాసేపటికి చెయ్యి మళ్ళీ అటే పోయింది.

"ఊఁ, చెప్పు."

"...పిల్లి గెంతడం చూడాలి."

"ఎల్లుండి చొక్కాకు పిల్లి గెంతడం," అక్క గంభీరంగా పలికింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఫోన్ పక్కకు పోయింది.

మూడోరోజు పొద్దున ఫ్యాక్టరీలో మాస్టరు చొక్కా తిరగేశాడు. "జేబేదమ్మా?"

చిన్నది జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కాలరు కుట్లను గోటితో లాగి చూశాడు. "సోమవారం నుంచి రా. ఇక్కడ కుట్టేవాటికి మాత్రం జేబులుండాలి."

ఇప్పుడు ఆ కొట్లో కొలత చెప్తే తిరిగి చెప్పే మనిషి లేదు. అక్క తానే చెప్పి, తానే బదులు పలికి కత్తెర వేస్తోంది. చొక్కా తొడుక్కునేటప్పుడు ఎప్పుడైనా ఆ అక్కను ఒక్కసారి తలచుకోండి.