నర్సింగమ్మ మేడం తప్పు

నాలుగు మడతలు పెట్టిన తడిగుడ్డను శైలజ ముఖం మీద పరిచి, అంచులు చెవుల దాకా సర్దింది నర్సింగమ్మ. రెండు నిమిషాలు కాకముందే గుడ్డ వెచ్చబడింది. తీసి బకెట్లో ముంచి, పిండి, మళ్లీ పరిచింది. తెల్లవారుజాము ఐదున్నర. హాస్టల్ పిల్లలు నోట్లో బ్రష్షులు పెట్టుకుని నల్లాల దగ్గరికి పోతూ ఆ మంచం దగ్గర అడుగు నెమ్మది చేస్తున్నారు. చూడాలని ఉంది, చూస్తే మేడం ఏమంటుందోనని భయంగానూ ఉంది. వారం రోజులుగా ఆమెకు పొద్దు ఇలాగే మొదలవుతోంది.

“జర చల్లగైందా బిడ్డా?”

“లేదు మేడం. ఎర్రచీమలు పట్టినట్టే ఉన్నది.”

“ఓర్చుకో. లోపలున్న విషమంత బయటికి పోతాంది.”

ఈ మాట ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. చిన్నప్పుడు ఒంటిమీద గడ్డ లేస్తే వాళ్ల అవ్వ అలాగే అనేది, అంతే. గుడ్డ తీసి చూసింది. బుగ్గలు రెండూ కమిలి ఎర్రబడ్డాయి. చర్మం పలచబడి కింది సన్నటి నరాలు గీతలు గీసినట్టు కనబడుతున్నాయి. గడ్డం చుట్టూ చీముపొక్కులు. పై పెదవి మీద, ఎక్కడినుంచి వచ్చిందో, నల్లటి నూగు. పదిహేడేళ్ల పిల్ల ముఖం.

నర్సింగమ్మకు యాభై ఒకటి. మోత్కూర్ దగ్గరి ఈ ఆడపిల్లల హాస్టల్ కాలేజీలో పందొమ్మిదేళ్లుగా తెలుగు చెబుతోంది, అదీ కాంట్రాక్టు మీద. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. చీర మడమల పైకి కట్టుకుని పొలం గట్ల మీద నడిచినట్టు పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. మనిషి నలుపు. మర్యాదకు చామనఛాయ అంటారే, ఆ నలుపు కాదు, అసలు నలుపు. ఆలేరు అవతల గొర్లు కాసుకునే జానయ్య ఇంట్లో ఆరుగురు పిల్లల్లో ఆమె ఒక్కతే అంత నలుపు. మేనత్త ఆమెను ‘మాడిన రొట్టె’ అని పిలిచేది. ముద్దుకే పిలిచేదట, ఏం ముద్దో ఏమో. ఏడో తరగతిలో బడికంతటికీ ఫస్టొస్తే, వార్షికోత్సవం నాడు ఆమెను వేదిక మీద నిలబెట్టకుండా పక్కనుంచి తెర తాడు లాగమన్నారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు చాయ్ తాగి, గొర్ల మందల గురించి మాట్లాడి, పిల్ల ఊసెత్తకుండానే లేచిపోయేవారు. ఐదోసారి తర్వాత ఇక చాలని ఆమే చెప్పేసింది. ఆ కథ అంతటితో సరి.

ఉద్యోగంలో చేరాక ఆమె పట్టిన పట్టు ఒక్కటే. ఎవరైనా పెద్దమనుషులు కాలేజీకి వస్తే గేటు దగ్గర పూలపళ్లెం పట్టుకుని నిలబడే పిల్లలను ప్రిన్సిపల్ సుహాసిని ఎంపిక చేసేది. “జర చక్కగ ఉన్నోళ్లను పంపుండ్రి” అనేది. చక్కగా అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. నల్లపిల్లలు వంటగది వెనక నుంచి కుర్చీలు మోసేవారు. రోల్ నంబరు ప్రకారమే పళ్లెం పట్టాలని నర్సింగమ్మ మొండికేసింది. ఆరేళ్లు నోరు నొప్పిపుట్టేలా వాదించింది. చివరికి ఆమె పోరు పడలేక ప్రిన్సిపల్ సరేనంది.

ఇక శనివారం క్లాసు. చివరి గంటలో పుస్తకాలు మూసి, ఇంట్లో, వాడకట్టులో తమను ఏమని పిలుస్తారో పిల్లలతో లేచి చెప్పించేది. కర్రిది, బొగ్గుల బస్తా, కాకి, కాలిన కట్టె. మొదట సిగ్గు, తర్వాత నవ్వు, ఆ నవ్వులోనే ఏడుపు. ఆమె తన ‘మాడిన రొట్టె’ సంగతి చెబితే క్లాసంతా విరగబడి నవ్వేది. ఆ నవ్వు ఆమెకు అన్నం కన్నా ఎక్కువ. ఈ ఏడు అందరికంటే ముందు లేచి మాట్లాడింది శైలజే. “నన్ను మా నాయినమ్మ మసిగుడ్డ అంటది మేడం. అయినా నేను నర్సునైత” అంది. ఆ పూట నర్సింగమ్మ గదికి పోయి, తలుపేసుకుని సంతోషంతో ఏడ్చింది.

పదకొండు రోజుల కిందటి శనివారం ఒక పిల్ల నోరు జారింది. తెల్లబడే క్రీము హాస్టల్లో సగం పెట్టెల్లో ఉందట. మందుల దుకాణంలో డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారట. నర్సింగమ్మ ఒళ్లు మండింది. పెట్టెలన్నీ తెరిపించింది. ముప్పై రెండు ట్యూబులు. అందులో ఐదు శైలజవి. స్నానాల గదుల వెనక గడ్డపారతో తానే గుంత తవ్వి, ఎవరి ట్యూబు వాళ్ల చేతనే అందులో వేయించింది. మన్ను కప్పాక పిల్లలు చప్పట్లు కొట్టారు. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆమె అంత గర్వపడ్డ రోజు మరొకటి లేదు.

నాలుగో రోజు నుంచి ముఖాలు మండటం మొదలైంది. చాలామందికి దురదతో పోయింది. ఎనిమిదో తరగతి నుంచి రోజుకు రెండుపూటలా పూసుకున్న శైలజకు మాత్రం తగ్గలేదు. నిన్న తల్లి గుర్వమ్మ ఫోన్ చేసింది. ఇవాళ మధ్యాహ్నానికి వచ్చి పిల్లను తోలుకపోతానంది. ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలు ఐదు నెలలున్నాయి. ఇప్పుడు ఇల్లు చేరితే ఆ పిల్ల మేకల వెంట పోతుంది తప్ప మళ్లీ కాలేజీ గడప తొక్కదని నర్సింగమ్మకు తెలుసు. అట్లా పోయినవాళ్లను ఆమె ఎంతమందిని చూడలేదు! అందుకే తల్లి వచ్చేలోగా నల్లగొండకు తీసుకుపోయి డాక్టరుకు చూపించాలనుకుంది. తప్పంతా క్రీముదే, నయమవుతుంది అని డాక్టరు నోట ఒక్క మాట వస్తే చాలు. ఆ మాట పట్టుకుని గుర్వమ్మ కాళ్లయినా పట్టుకోవడానికి ఆమె సిద్ధంగా ఉంది.

ఆరున్నర బస్సెక్కారు. శైలజ చున్నీ కళ్ల దాకా చుట్టుకుంది. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు గానీ ఆధార్ చూపించాలి. కండక్టర్ కార్డు చూశాడు, పిల్లను చూశాడు.

“ముఖం మీది గుడ్డ తియ్యమ్మా.”

తీసింది. కార్డులో ఏడేళ్ల కిందటి ఫొటో, రెండు జడలు, నల్లటి నున్నటి ముఖం, పళ్లన్నీ బయటపెట్టి నవ్వు. కండక్టర్ రెండు మూడుసార్లు అటూ ఇటూ చూశాడు.

“గీమె నువ్వేనా?”

“నేనే” అంది శైలజ.

“ఆమెనే అన్న. నాది జిమ్మ, ఏమన్నుంటె నన్నడుగు” అంది నర్సింగమ్మ. పాపం, కండక్టర్ చెడ్డవాడేం కాదు. మిషన్‌లోంచి చీటీ చింపి ఇచ్చి, ముందుకు పోయాడు. శైలజ మళ్లీ చున్నీ చుట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నల్లగొండ వచ్చేదాకా ఆ తల ఇటు తిరగలేదు.

దవాఖానలో వరుసలో గంటన్నర నిలబడ్డాక పిలుపొచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. శైలజ గడ్డం పట్టుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎన్నేళ్లు వాడింది?”

“నాలుగేండ్లు” అంది నర్సింగమ్మ.

“ఎప్పుడు మానేసింది?”

“పదకొండు రోజులైంది. ఒక్కసారే.”

“ఒక్కసారే ఎవరు మానమన్నారు?”

శైలజ నర్సింగమ్మ వైపు చూసింది.

“నేనే” అంది నర్సింగమ్మ.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “ఇది అందం క్రీము కాదమ్మా, స్టెరాయిడ్. చర్మరోగాలకు నాలుగు రోజులు వాడేది. ఏళ్ల తరబడి పూసి ఒక్కసారిగా ఆపితే చర్మం ఇట్లాగే తిరగబడుతుంది. మెల్లమెల్లగా తగ్గిస్తూ రావాలి. మాన్పించడం మంచిదే. ఆ రోజే ఇక్కడికి తీసుకొస్తే ఇంత కష్టం ఉండేది కాదు” అంది. పూసుకోవడానికి అదే రకం మందు, తక్కువ మోతాదు మలాం రాసింది. వారం పాటు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, నెల తిరిగేసరికి పూర్తిగా బంద్.

“మచ్చలు పోతయా మేడం?” శైలజ అడిగింది. డాక్టరమ్మనే అడిగింది.

“ఏడాది పట్టవచ్చు. కొన్ని ఉండిపోవచ్చు కూడా.”

తిరుగు బస్సెక్కారు. నర్సింగమ్మ మందుల కవరు శైలజ ఒళ్లో పెట్టింది. మాడిన రొట్టె అన్న మేనత్త నోటితోనే అన్నది. తాను ఈ పిల్ల ముఖాన్ని చేతులారా కాల్చింది. విషం పోతోందని చెప్పి, ఏడు రోజులు తడిగుడ్డలు వేసి, తీసుకుపోవాల్సిన చోటికి తీసుకుపోలేదు. చదువు చెప్పే మనిషి! ఒక్క ఫోన్ చేసి ఎవరినైనా అడిగి ఉంటే పోయేదేముంది? అడగాలన్న ఆలోచనే రాలేదు. నలుపు గురించి తనకు తెలియనిది ఏముంటుందిలే అనుకుంది. తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

“అమ్మకు ఏం చెప్తరు మేడం?” అంది శైలజ, ఊరు దగ్గర పడుతుండగా.

డాక్టరమ్మ గదిలో ఉన్నది ముగ్గురే. తప్పు క్రీముదేనని చెబితే అబద్ధమూ కాదు, సగం నిజం. ఆ సగంతో పిల్ల ఆగుతుంది, పరీక్షలు రాస్తుంది, నర్సు అవుతుంది. నర్సింగమ్మ ఆ సగం నిజాన్ని మనసులో పదిసార్లు చెప్పుకుని చూసింది.

“నువ్వేం చెప్పమంటవు బిడ్డా?”

“నాకు ఎరుక లేదు” అంది శైలజ. చున్నీ సర్దుకుంటూ, “నాకు ఉండాలనే ఉన్నది మేడం” అంది.

గుర్వమ్మ అప్పటికే వచ్చి వరండాలో నేల మీద కూర్చుని ఉంది. కూతురిని మించిన నలుపు. మోకాళ్ల దాకా దుమ్ము. కిటికీల వెనక పిల్లలు గుంపుగా చేరారు. ప్రిన్సిపల్ గుమ్మంలో నిలబడింది.

“ఏమన్నదట డాక్టరమ్మ?” గుర్వమ్మ అడిగింది.

శైలజ నేల చూపులు చూస్తోంది. ఆ పిల్ల తన మాట కోసమే ఆగి ఉందని నర్సింగమ్మకు తెలుసు. అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. ప్రతి శనివారం, ఏదీ దాచకుండా చెప్పండి అని ఈ పిల్లల చేత ఒట్లు వేయించుకున్న నోరు అది.

“క్రీము పాడు చేసింది. గని ఒక్కసారే బంద్ చేయించుడు నా తప్పు. డాక్టరమ్మ మెల్లగ మానాలె అన్నది. తక్కువ మందు రాసింది. నాకు ఎరుక లేక చేసిన గుర్వమ్మా. బిడ్డను తీస్కపోకు. నీ కాళ్లు మొక్కుత.”

నిజంగానే వంగింది. గుర్వమ్మ కాళ్లు వెనక్కు తీసుకుంది.

“అంటే డాక్టరమ్మనే పూయమన్నదా?”

“మాన్పించెతందుకు పూయమన్నది.”

“పూయమన్నది గద.” గుర్వమ్మ గొంతు పెంచలేదు. “నేను పూస్తే విషమంటివి మేడం. గా క్రీము నేను ఎందుకు కొన్న అనుకుంటున్నవు? నన్ను అన్న మాటలు నా బిడ్డను అనొద్దని కొన్న. నువ్వు చదువుకున్నదానివి, నీ నలుపును నీ ముందట ఎవలన్న ఏమన్న అంటరా? మమ్మల్ని ఊరంత అంటది. ఇప్పుడు గీ ముఖమేసుకొని ఇది ఏడికి పోవాలె?”

పందొమ్మిదేళ్లు చెప్పిన పాఠాల్లో ఒక్కటంటే ఒక్కటి నర్సింగమ్మకు గుర్తుకు రాలేదు.

శైలజ లోపలికి పోయి సంచి సర్దుకుని వచ్చింది. మందుల కవరు తల్లి చేతికిచ్చింది. నర్సింగమ్మ ముందు ఆగి చున్నీ కళ్ల దాకా చుట్టుకుంది. తల్లీకూతుళ్లు గేటు దాటి రోడ్డెక్కారు. రెండున్నర బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగి, పోయింది. అంతే.

“జరిగిందంత రాసియ్యండి మేడం. ఈసారి రెన్యువల్ నా చేతుల్లో లేదు” అంది ప్రిన్సిపల్. నర్సింగమ్మ తల ఊపింది. అక్కడే స్టూలు మీద కూర్చుని తెల్లకాగితం మీద ‘నేను’ అని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక అలాగే ఉండిపోయింది.

కాసేపటికి ముగ్గురు పిల్లలు వచ్చి నిలబడ్డారు. కాలేజీలో కొత్తగా చేరిన చిన్నపిల్లలు. ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని, చివరికి ఒకతి ధైర్యం చేసింది.

“మేడం, శైలజక్కకు రాసిన మలాం మాకు గూడ రాయిస్తరా? గది డాక్టర్లు ఇచ్చేదట గద, మంచిదే ఉంటదట.”

నర్సింగమ్మ వాళ్ల ముఖాలు చూసింది. మూడూ నల్లటి, నున్నటి, ఏ మచ్చా లేని ముఖాలు. కోపగించుకోవడానికి కూడా ఆమెకు శక్తి లేకపోయింది. కాగితం మడిచి, లేచి, పెరట్లోకి నడిచింది.

బట్టల తీగల మీద పిల్లలు పొద్దున ఉతుక్కున్నవన్నీ ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. గోడ నీడ పడే చివరి తీగ మీద ఒక్క యూనిఫాం మిగిలింది. కాలర్ లోపల ఎర్రదారంతో శైలజ రోల్ నంబరు కుట్టి ఉంది. పొద్దున నల్లగొండ బస్సుకు పోయే ముందే, రేపటి క్లాసు కోసమని ఉతికి ఆరేసి ఉంటుంది. చేతుల అంచులు ఇంకా ఆరలేదు.