కిర్రుమనని తలుపు

రేడియో నాటకాలకి చప్పుళ్లు చేసే హిల్డా పొద్దున్నే స్టూడియోకి రాగానే మొదట గులకరాళ్ల పళ్లెం చూసుకుంటుంది. తోటలో అడుగుల చప్పుడంతా అందులోనే. తర్వాత కొబ్బరిచిప్పలు తుడుస్తుంది. గుర్రాలంటే అవే మరి. టీ కప్పులూ, టెలిఫోను గంటా సర్దాక, ఆఖరికి తలుపు.

మాంచెస్టర్‌లో రేడియో నాటకాలు వేసే ఆ స్టూడియోలో తలుపంటే ఒక్కటే. చక్రాల చట్రంలో బిగించిన బరువైన ఓక్ చెక్క తలుపు. జమీందారు బంగళాకీ అదే, పోలీసు ఠాణాకీ అదే. మనసులో తప్పు దాచుకున్నవాళ్లు దాటితే అది కిర్రుమంటుంది. లేనివాళ్లు దాటితే ఊరుకుంటుంది. ఇదేం వింత అని ఎవరూ అడగలేదు. హత్యల నాటకాలకి ఇంతకన్నా పనికొచ్చే తలుపు ఎక్కడ దొరుకుతుంది?

కిర్రు కావాలంటే సిడ్నీని పంపేవాళ్లు. బట్లర్ వేషాలు వేసే ఈ సిడ్నీ, చర్చిలో పాటల సాధనకని పెళ్లాంతో చెప్పి, ఆరేళ్లుగా ప్రతి మంగళవారం కుక్కల పందేలకి పోతున్నాడు. అతను దాటాడంటే, అబ్బో, దేశమంతటికీ ఒళ్లు జలదరించేది.

హిల్డా మాత్రం ఆ తలుపు ఒక్కసారీ దాటలేదు. పక్కన నిలబడి, చెయ్యి చాచి తీసేది, మూసేది. అంతే.

యుద్ధంలో ఒకరోజు, బాంబుల మంటలు కనిపెట్టడానికి మిల్లు కప్పు మీద కాపలా వంతు ఆమెది. ఆ సాయంత్రమే రేడియోలో డిటెక్టివ్ నాటకం ఆఖరి భాగం. తలనొప్పని అబద్ధమాడి మంచమెక్కింది. బదులుగా చెల్లెలు ఐవీ వెళ్లింది, మళ్లీ రాలేదు. సైరన్ మోగి నాటకమూ మధ్యలోనే ఆగిపోయింది. పదమూడేళ్లయింది. ఇప్పటికీ ఆఖరి ఘట్టం మొదలయ్యేసరికి హిల్డా బయటికెళ్లి టీ పెట్టుకుంటుంది. ఏ నాటకంలోనూ హంతకుడెవరో ఆమెకి తెలీదు.

రాణిగారి పట్టాభిషేకం అయిన ఏడాది, ఒక శనివారం, రిహార్సల్లో సిడ్నీ తలుపు దాటాడు. చప్పుడు లేదు. మళ్లీ దాటాడు. ఊహూ.

"ఏమొచ్చిందయ్యా నీకు?" దర్శకుడు ప్రెంటిస్ గాజు గదిలోంచి ఊడిపడ్డాడు.

"నిన్న మా ఆవిడకి చెప్పేశాను సార్," సిడ్నీ బుర్ర గోక్కున్నాడు. "మొదటి మంగళవారమే తెలిసిపోయిందిట! నేనే ఎప్పుడు చెబుతానా అని చూస్తోందిట."

"నీ సంసారం ఇవాళే చక్కబడాలా! నాలుగింటికి నేరుగా ప్రసారం. ఆ కిర్రు వినబట్టే డిటెక్టివ్ హంతకుణ్ణి పట్టుకునేది. అది లేకపోతే దేంతో పట్టుకుంటాడు, నా తలకాయతోనా?"

అందర్నీ దాటించాడు. ఎవరిదో గొడుగు ఇంటికి పట్టుకుపోయిన ఒక నటికి ఎలుక కూతంత వచ్చింది. అది దేనికి సరిపోతుంది?

"నేను దాటుతాను," అంది హిల్డా.

"మీరా? మీరేం తప్పు చేశారండీ?"

"అది మీకెందుకు? కిర్రు కావాలా వద్దా? రిహార్సల్ మాత్రం వద్దు. ఒక్కసారే దాటగలను."

నాలుగైంది. ఎర్ర దీపం వెలిగింది. సమయం రాగానే హిల్డా, హంతకుడి అడుగులకని మగవాళ్ల బూట్లు వేసుకుని, తలుపు దగ్గరికి నడిచింది. చెల్లెల్ని చంపింది నువ్వేనని ఈ తలుపు దేశమంతా వినేలా చెప్పబోతోంది. చెప్పనీ. ఎన్నాళ్లని పక్కన నిలబడటం?

పిడి తిప్పింది. ఆ సాయంత్రం ఇలాగే పిడి మీద చెయ్యేసిన ఐవీ కళ్లముందు కనబడింది. ఇనప టోపీ కిందనుంచి నవ్వుతోంది. "తలనొప్పిట, తలనొప్పి! నాకు తెలీదనుకున్నావా అక్కా? బుద్ధిగా విను. హంతకుడెవరో రేపు నాకు చెప్పకపోయావో, నీ పని చెబుతా!"

ఈ మాట హిల్డా మరిచిపోలేదు. ఇన్నేళ్లూ తన అబద్ధం దగ్గరే ఆగిపోయి, జ్ఞాపకాన్ని ఈ మాటదాకా రానివ్వడానికి భయపడింది.

తలుపు తీసింది. దాటింది.

చిన్న చప్పుడైనా లేదు.

గాజు గదిలో ప్రెంటిస్ తల పట్టుకున్నాడు. హిల్డా ఈసారి టీకని బయటికి పోలేదు. అక్కడే కూలబడి, నోటికి శాలువా అడ్డుపెట్టుకుని ఏడుస్తూ, ఆఖరి ఘట్టం విన్నది.

డిటెక్టివ్ వేషంలో ఉన్న రోడరిక్ గండరగండడు. చేతిలోని నాటకం కాగితాన్ని మెల్లిగా తివాచీ మీదికి జారవిడిచాడు.

"ముప్పై ఏళ్లుగా కిర్రుమనే తలుపు ఆ రాత్రి ఎందుకు ఊరుకుంది? మధ్యాహ్నమే ఎవరో తలుపు మడతబందులకి నూనె రాశారు గనక. ఆ మరక మీ చొక్కా చేతి మీద ఇంకా ఉంది, డాక్టరుగారూ!"

రచయిత రాయని ఆ మాటకి డాక్టరు వేషగాడు నిజంగానే హడలిపోయి, "ఎ... ఎలా తెలిసింది?" అన్నాడు.

దీపం ఆరగానే ప్రెంటిస్ పరిగెత్తుకొచ్చాడు. "నూనెట! అసలుదానికన్నా బాగుంది కదయ్యా!" అని రోడరిక్ వీపు చరిచి, హిల్డా వైపు తిరిగాడు. "తప్పు చేశానన్నారు కదండీ మీరు?"

"చేశాననే అనుకున్నాను సార్," అంది హిల్డా ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు ఆదివారం. ఫ్లాస్కు నిండా టీ పోసుకుని శ్మశానానికి వెళ్లింది. ఐవీ సమాధి రాయి పక్కన గడ్డిలో కోటు పరుచుకుని కూర్చుంది. మూతలో ఒకరికీ, కప్పులో ఒకరికీ టీ పోసింది.

"డాక్టరేనే ఐవీ," అంది. "ఉండు, మొదట్నుంచీ చెబుతాను."