టెగ్వెన్ చేతి నీళ్లు

మా వేల్స్ కొండల్లో ఒక ఊటబావి ఉంది. దాని నీళ్లు ఎవరికి వాళ్లు ముంచుకుని తాగితే ఉత్త నీళ్లే. బావిని కాచే ఆడమనిషి తన చేత్తో అందిస్తేనే మందు. ఈ సంగతి మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా మా వదిన నెస్ట్ తనే ముంచుకొచ్చింది. ఏం చేస్తుంది పాపం! బావిని కాచే ముసలి టెగ్వెన్‌ను మొన్ననే పాతిపెట్టాం. ఆమెకు కూతుళ్లు లేరు. ఇక్కడేమో కోరింత దగ్గుతో నా మేనకోడలు మాలి నీలమైపోతోంది.

ఆ నీళ్లు తాగించినా దగ్గు తగ్గలేదు. నెస్ట్ పిల్లను శాలువాలో చుట్టుకుని లేచింది.

"పద, మళ్లీ వెళ్దాం."

"మతిపోయిందా వదినా? అందించడానికి అక్కడెవరున్నారు?"

"ఉన్నా లేకపోయినా అడుగుతాను. నీకు భయమైతే ఇక్కడే కూర్చో."

తిట్టుకుంటూనే వెంట వెళ్లాను. పొద్దు వాలుతోంది. నెస్ట్ బావి ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని, ముసలావిడ ఇంటి గుమ్మంలో పిలిచినట్టే పిలిచింది.

"టెగ్వెన్ అత్తా, పిల్లకు బాగోలేదు. కాసిని నీళ్లివ్వు."

నీళ్లలోంచి ఒక చెయ్యి పైకొచ్చింది. ఆ చేతిలో కొయ్యగిన్నె ఉంది. బొటనవేలు వంకర. ఆ చేతిని కడిగి శవపేటికలో సర్దింది నేనే.

"ముందు విను," అంది గొంతు, బతికున్నప్పటి విసుగుతోనే. "త్వరగా చెప్పేస్తా, చలేస్తోంది. ఇది అందుకుంటే బావి నీది. నీ తర్వాత నీ కూతురిది. చచ్చినా సరే, అందుకునే మనిషి దొరికేదాకా ఇక్కడే పడుండాలి."

"వద్దు వదినా!" అని శాలువా పట్టుకుని లాగాను.

మాలి దగ్గబోయి దగ్గలేకపోయింది. పెదాలు నల్లబడ్డాయి. నెస్ట్ నా వంక చూడనైనా లేదు. గిన్నె అందుకుని తన చేత్తో పిల్లకు పట్టింది.

చెయ్యి మునిగిపోయింది. అడుగున టెగ్వెన్ హాయిగా నిట్టూర్చడం విన్నాను. చచ్చినదాని మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

ఇల్లు చేరేసరికి మాలి రొట్టె అడిగింది. మేమిద్దరం ఏడ్చాం, నవ్వాం.

మర్నాడు ఎవరో జ్వరంతో బావి నీళ్ల కోసం మా ఇంటికొచ్చారు. నెస్ట్ లేచేలోపే మాలి గిన్నె తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది.

నెస్ట్ ఆ గిన్నె లాక్కుంది. "నేను బతికుండగా నువ్వు ముట్టుకోకు!"

"సరే అమ్మా," అంది మాలి. "మరి తర్వాత?"