అత్త వంచిన పైపు

మార్చి తొమ్మిది. ఆ మధ్యాహ్నం గరాజులో మామయ్య, మేనకోడలు తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్లు. గుడ్డు పెంకు ఒలుస్తూనే మామయ్య తీర్పు చెప్పేశాడు.

"టర్బో బిగించాం. పెద్ద పెట్రోలు పంపు పెట్టాం, ఇంజెక్టర్లు మార్చాం. ఇంక ఈ కారులో చెయ్యి పెట్టేది లేదు. ఆదివారం పందెంలో నువ్వు తోలుతున్నావు, అంతే."

"ఆ పాత పైపు ఉండగా నేను తోలను."

ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తెచ్చే ఆ సన్నపైపును పదిహేనేళ్ల కిందట అత్త కారు కింద పడుకుని తన చేత్తో వంచింది. మేనకోడలికి పని నేర్పిందీ ఆవిడే. ఆవిడ పోయి రెండేళ్లు. అప్పట్నుంచి మామయ్య ఆ పైపును ఎవర్నీ తాకనివ్వడు.

"పెట్రోలు ఒత్తిడి మీటరు చూశావుగా! ముల్లు మూడు మీద కదలకుండా నిలబడింది."

"నిలబెట్టిన కారులో నిలబడక ఏం చేస్తుంది మామయ్యా? కొండ రోడ్డు ఎక్కిద్దాం, రా."

ఆమె మీటరుకు పొడుగాటి గొట్టం తగిలించి, బానెట్ అంచులోంచి బయటికి తెచ్చి, ముందద్దానికి వెలుపల టేపుతో అంటించింది.

"కారుకి జ్వరం చూస్తున్నావా?"

"జ్వరం కాదు. ఆకలి."

టర్బో ఇంజనులోకి ఎంత గాలి ఊదితే ముల్లు అంత పైకి పోవాలి. కొండ రోడ్డు ఎత్తులో ముల్లు మూడున్నర దాటింది. ఆమె యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కింది. ముల్లు వణికి, వెనక్కి జారి, మూడు కిందికి దిగిపోయింది. చటుక్కున కాలు తీసేసింది. పెట్రోలు చాలకుండా అలాగే తొక్కితే పిస్టన్లు కరిగిపోతాయి.

"పంపు మంచిది కాదేమో," అన్నాడు మామయ్య.

"ట్యాంకు దగ్గర పంపు పోసింది నువ్వే కొలిచావు, డబ్బా నిండి పొంగింది. గొంతే సన్నం, ఆ పైపు."

"అది ఆవిడ చేతిపనే!"

"అత్తే ఉంటే ముందు దాన్నే పీకేది. నిన్ను అడిగేది కూడా కాదు."

"ఎప్పుడడిగింది కనక?" అని నవ్వబోయి మామయ్య మొహం ముడుచుకున్నాడు. "పీకితే మాత్రం నీతో మాట్లాడను."

"సరే, మాట్లాడకు. పీకుతాను."

పీకింది. ఎక్కడా కోయకుండా, ఒక్కో క్లిప్పూ వదులు చేసి మొత్తంగా తీసి బల్ల మీద పరిచింది. పక్కన లావుపాటి కొత్త పైపు పెట్టి, వంపుకు వంపు దించింది. వెనక చక్రం దగ్గర ఒక వంపు అనవసరం అనిపించింది. కారు కింద దూరి చూస్తే తెలిసింది: పైపు తిన్నగా పోతే అక్కడ హ్యాండ్‌బ్రేక్ కేబులు రాసుకుంటుంది. అత్త అది ముందే చూసుకుంది. ఆ వంపునూ అలాగే వంచింది.

మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి బ్యాటరీ దీపాన్ని కాలితో ఆమె వైపు కాస్త జరిపాడు.

సాయంత్రం మళ్లీ అదే కొండ రోడ్డు. ముల్లు నాలుగుకి పోయి అక్కడే నిలిచింది.

గరాజుకు వచ్చాక మామయ్య పాత పైపును గుడ్డతో తుడిచి, గోడకు రెండు మేకులు కొట్టి తగిలించాడు.

"ఆదివారం ఐదింటికే లేవాలి," అన్నాడు.

"నాతో మాట్లాడనన్నావుగా?"

"నీతో ఎవరు మాట్లాడారు? కారుతో అన్నాను."

ఆమె చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. మామయ్య దీపం ఆర్పాడు. రోజూ దడాలున మూసే తలుపును ఆ పూట రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.