మిరప తొడిమల డాక్టరమ్మ

సింగరాయకొండ పక్కన యానాదుల కాలనీలో యలమంద కన్నంలోకి పొగకుండ ఊదితే ఎలుకలు వరసకట్టి బయటికొచ్చేవట. ఒకసారి డెబ్బై వచ్చాయట. అందులో ముసలి ఎలుక ఒకటి ఆయనకు నమస్కారం కూడా పెట్టిందట. ఈ ముక్క చెప్పేదీ ఆయనే.

ఇప్పుడాయన ఎలుకల్ని వదిలేసి మనవరాలి గొప్పలు పట్టుకున్నాడు. ఆ మనవరాలు హేమశ్రీ గుంటూరులో మనసు డాక్టరు చదువు చదువుతూ, ట్రైనింగ్ కోసం సొంత కాలనీకే వచ్చింది. వచ్చింది ఆ కాలనీ మల్లేశ్వరి కోసం. బాతులు మేపించే ఆసామి ఒకడు అప్పిచ్చి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, నాలుగేళ్లు ఆమెను కదలనివ్వలేదు. విడిపించి తెచ్చి ఏడాదైంది. ఒక్కరితోనూ ఒక్క మాట లేదు.

"నా మనవరాలు బండరాయి చేత కూడా మాట్లాడించిద్ది," అని యలమంద కాలనీ అంతా చాటేశాడు.

హేమశ్రీ వెళ్లి మల్లేశ్వరికి ఎదురుగా కూర్చుంది. వైద్యానికి ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేసే కాగితం పరిచి, ఇంకు ప్యాడ్ మూత తీసింది. మల్లేశ్వరి లేచి గుడిసెలోకి పోయి తడిక వేసుకుంది.

యలమంద తల పట్టుకున్నాడు. "మనోళ్లలో పుట్టి వేలిముద్ర అడిగావేంటే?"

"కాలేజీలో ముందు కాగితమే పెట్టమన్నారు తాతా."

"కన్నానికి ఎదురుగా కూర్చుంటే ఎలకైనా వచ్చిద్దా? పక్కకి జరుగు. నీ పని నువ్వు చేసుకో."

హేమశ్రీ గుంటూరులో తనకు పని నేర్పే జయకుమారి మేడమ్‌కి ఫోన్ చేసింది. "మీ తాతగారు చెప్పినట్టే చెయ్యమ్మా. ఆవిడ మాట్లాడాక నోటితో ఒప్పుకున్నా చాలు," అందావిడ.

మర్నాడు మల్లేశ్వరి ఎండుమిరప రాశి ముందు తొడిమలు తీస్తుంటే, హేమశ్రీ పక్కన చేరి తనూ తీసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. తుమ్మింది, చేతులు మండాయి, కళ్లు వాచాయి. యలమంద దూరంగా వేపపుల్ల నములుతూ మూడు రోజులు కాపు కాశాడు.

మూడోరోజు పక్కనుంచి బొంగురుగొంతు వినిపించింది.

"అట్టా లాగితే కాయ చిట్లుద్ది."

"ఎట్టా తీయాలక్కా?"

మల్లేశ్వరి తీసి చూపించింది. "రేపు ముక్కుకి గుడ్డ కట్టుకుని రా."

యలమంద నోట్లోంచి పుల్ల జారిపోయింది. నేరుగా రంజాన్ టీకొట్టుకి వెళ్లి, ఒక్క ముక్కా కల్పించకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"నీ కోతలకి అంతు లేదు మామా," అన్నాడు రంజాన్ టీ వడపోస్తూ.

యలమంద కొట్టు బల్ల మీద కూలబడ్డాడు.

"ఆ డెబ్బై ఎలకలు అబద్ధంరా. పదకొండే. నమస్కారం కూడా పెట్టలేదు. నా మనవరాలి సంగతి మాత్రం నిజం."

కొట్లో ఉన్నవాళ్లంతా టీగ్లాసులు కింద పెట్టారు.