సెందాయ్‌లో గాజుగోడ

జపాన్‌లోని సెందాయ్ స్టేషను ఎదుట లేచిన కొత్త గ్రంథాలయానికి గాజుగోడను రూపొందించింది చిజురు. భూకంపానికి భవనం ఊగితే అద్దం చుట్టూ ఉన్న చట్రం వంకర తిరుగుతుంది. దానికి తగలకుండా అద్దం ఒరగాలంటే అంచుల్లో కాస్త చోటుండాలి. ఆ చోటు ఎంతన్న దాని మీదే ఆమె, తోటి ఇంజనీరు కియోహికో పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. మధ్యాహ్నాలు అన్నపు ఉండలు పంచుకు తిన్నారు. అయినా ఒకరినొకరు గారు అనే పిలుచుకున్నారు.

తైవాన్‌లోని హువాలియెన్‌లో భూకంపం వచ్చాక, అక్కడి మేడలు బాగుచేయించడానికి అతను వెళ్ళాడు. వెళ్తూ, అక్కడ ఇంకొకరికి కూడా పనుందన్నాడు. ఆ మాట పని గురించి కాదని ఆమెకు తెలుసు. గ్రంథాలయం పూర్తికానివ్వండి అంది. పూర్తయింది. తర్వాత ఆసుపత్రి వచ్చింది, ఆ వెనకే బడి. అతని బల్ల వైపు చూడకుండా ఇంటికి వెళ్ళడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆమె గ్రంథాలయం ఎదుటి బస్టాపులో ఉండగా నేల కదిలింది. జనం తలల మీద సంచులు పెట్టుకుని కూలబడ్డారు. ఆమె నిలబడి పైకే చూసింది. అద్దాలు చట్రాల్లో ఒరిగాయి, మళ్ళీ నిలదొక్కుకున్నాయి. ఒక్క పెంకు రాలలేదు. లోపలివాళ్ళు నడుచుకుంటూ బయటికొచ్చారు.

చాలాసేపటికి ఫోను కలిసింది. కియోహికో.

"అద్దాలు?"

"అన్నీ ఉన్నాయి. మీరన్నంత చోటే వదిలాను. నేనే ఓడిపోయాను లెండి."

అతను నవ్వలేదు. "భయపడ్డావా, చిజురూ?"

"అక్కడ ఇంకా పనుందా?" అందామె.

"ఉంది. కానీ నువ్వు రావు. ఈలోగా ఇంకో భవనం లేస్తుంది."

జవాబు చెప్పేలోగా తోటివాళ్ళు కేకేశారు, ప్రతి అద్దాన్నీ పరీక్షించాలని. మెట్లెక్కుతుంటే అతనన్నది నిజమేననిపించి కళ్ళు చెమర్చాయి.

తనిఖీ ముగిశాక సెలవడిగింది. ఊళ్ళో సగం మేడలు చూడాల్సి ఉన్నాయి, చలికాలం పోనివ్వమన్నాడు పైఅధికారి. ఆ మాటే కియోహికోకు చెబితే, ఆమె వచ్చేదాకా అక్కడే ఉంటానన్నాడు. మంచు పడకముందే అక్కడి పనికి అతని ఒప్పందం ముగుస్తుందని తెలిసినా ఆమె ఆ ఊసెత్తలేదు. ఆ చలికాలమంతా మేడలెక్కి దిగుతూ, విమానం చప్పుడు వినబడితే చాలు, ఆగి తలెత్తేది.

చలికాలం ముగిసి ప్లమ్ చెట్లు పూతకొచ్చాక ఫోను వచ్చింది.

"పనేమీ లేదు. అయినా ఇక్కడే ఉన్నాను" అన్నాడు కియోహికో.

ఆ సాయంత్రమే ఆమె పెట్టె సర్దుకుంది.